ఉదయసముద్రం పక్షులకు 500 చాలడం లేదు: 1.4 కన్వర్టర్ తీసుకోవచ్చా?

పానగల్ గట్టు (నల్గొండ)

నా దగ్గర నికాన్ డీ7200, 200-500 ఎఫ్/5.6 లెన్సు ఉన్నాయి. చలికాలంలో ఉదయసముద్రంలో వలస బాతులు దిగుతాయి కదా, అవి ఎప్పుడు చూసినా నీటి నడిమధ్యనే ఉంటాయి. గట్టు మీద నుంచి పూర్తిగా జూమ్ చేసి తీసినా ఫ్రేములో బాతు కంటే నీళ్లే ఎక్కువ. క్రాప్ సెన్సర్ (పాత ఫిల్ము సైజు ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) కాబట్టి 750తో సమానం అని ధైర్యం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, అయినా చాలడం లేదు.

కోఠిలో ఒక దుకాణంలో వాడిన టీసీ-14ఈ మూడో తరం కన్వర్టర్ (కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించి బొమ్మను 1.4 రెట్లు పెంచేది) ఉందని తెలిసింది. పెడితే 280-700 అవుతుంది, క్రాప్ లెక్కన 1050 దాకా. ఒక స్టాప్ వెలుతురు తగ్గి, అంటే సగమై, ఎఫ్/8 అవుతుందని తెలుసు. అది కాక ఇంకా ఏమేం పోతాయి? డబ్బు పెట్టే ముందు వాడినవాళ్ల మాట వినాలని ఉంది. పడవ ఎక్కి దగ్గరకు వెళ్లమనే సలహా మాత్రం వద్దు, ఇంట్లో ఒప్పుకోరు.

దుందుభి (అచ్చంపేట)

మీ జంట పని చేస్తుంది, ఆ అనుమానం అక్కర్లేదు. ఆ లెన్సుకు ఆ కన్వర్టర్ సరిగ్గా కూర్చుంటుంది, బరువు కూడా 190 గ్రాములే. రెండు కిలోల మూడు వందల గ్రాముల లెన్సు మోసేవాడికి అదొక లెక్క కాదు.

పోయేది ఫోకస్ పాయింట్లు. డీ7200లో 51 ఉంటే ఎఫ్/8 దగ్గర పని చేసేది నట్టనడుమ ఉన్న ఒక్కటే. కూర్చున్న పక్షికి పర్వాలేదు, నడిమి పాయింట్ కంటి మీద పెట్టి తీయవచ్చు. ఎగిరే బాతును ఆ ఒక్క చుక్కలో పట్టి ఉంచడం చాలా కష్టం. చుక్క పక్షి మీద నుంచి జారిందా, ఫోకస్ వెనక ఉన్న తుమ్మచెట్లకు పోతుంది, మళ్లీ తిరిగి వచ్చేసరికి గుంపు గట్టు దాటిపోతుంది. వ్యూఫైండర్ కూడా మసకబడుతుంది.

1.7, 2 రెట్ల కన్వర్టర్ల జోలికి వెళ్లకండి. ఒకటి ఎఫ్/9.5, రెండోది ఎఫ్/11. మీ బాడీలో వాటితో ఆటోఫోకస్ మీద ఆశ పెట్టుకోకూడదు.

పాలమూరు స్టూడియో (మహబూబ్‌నగర్)

నా మాట కాస్త కరకుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. కన్వర్టర్ అనేది వెలుతురు మిగిలి ఉన్న లెన్సుకు పెట్టవలసిన వస్తువు. ఎఫ్/5.6 లెన్సుకు మిగిలి ఉన్నదేమీ లేదు.

నేను 70-200 ఎఫ్/2.8కు పెట్టి వాడతాను. 1.4తో 98-280 ఎఫ్/4, రెండు రెట్లతో 140-400 ఎఫ్/5.6. ఏ బాడీ మీదైనా అన్ని పాయింట్లూ పని చేస్తాయి. కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం రోజు జనంలో అడుగు ముందుకు వేయడం ఎవరి వల్లా కాదు. ఉద్దాలు (స్వామి పాదుకలు) వచ్చే దారికి దూరంగా ఎత్తు మీద నిలబడి, క్రాప్ బాడీ, 70-200, రెండు రెట్ల కన్వర్టర్‌తో తీస్తే ముఖాలు అందుతాయి. పెళ్లిళ్లకు మాత్రం బ్యాగులోంచి బయటకు తీయను. వధూవరులకు ఫోటోగ్రాఫర్ ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా తీస్తున్నట్టు లెక్క.

మీకు ఇంకో చిక్కు ఉంది. ఎఫ్/5.6లో ఐఎస్‌వో (సెన్సర్ సున్నితత్వం) 1600 దగ్గర తీసే ఫోటో ఎఫ్/8లో 3200కు వెళుతుంది. క్రాప్ సెన్సర్‌లో 3200 అంటే బాతు ఈకల మీద ఇసుక చల్లుకోవడమే. ఆ డబ్బుతో మంచి ట్రైపాడ్ తలకాయ కొనుక్కోండి.

ఫిజిక్స్ మాస్టారు (మిర్యాలగూడ)

స్టూడియో గారు చెప్పిన ఇసుక విషయం దగ్గర ఆగాలి. అందరూ అనే మాటే, కానీ సగమే నిజం.

500ను 5.6తో భాగించండి, సుమారు 89 వస్తుంది. 700ను 8తో భాగించండి, 87.5. దాదాపు ఒకటే. అది లెన్సు వెలుగును లోపలికి తీసుకునే ద్వారం వెడల్పు, మిల్లీమీటర్లలో. కన్వర్టర్ వెనక చేరుతుంది కాబట్టి ముందున్న గాజు మారదు, బాతు నుంచి లెన్సులోకి వచ్చే వెలుగూ మారదు. వెనక చేరిన గాజు ఆ వెలుగునే రెట్టింపు విస్తీర్ణంలో పరుస్తుంది, గ్లాసెడు మజ్జిగను నీళ్లు పోసి రెండు గ్లాసులు చేసినట్టు. అందుకే ఒక స్టాప్ పలచబడుతుంది.

ఇప్పుడు రెండు ఫోటోలు పోల్చండి. ఒకటి కన్వర్టర్ లేకుండా 1600లో తీసి, బాతు చుట్టూ కత్తిరించి, పెద్దది చేసినది. రెండోది కన్వర్టర్‌తో అదే షట్టర్ వేగంలో 3200లో తీసినది. రెండింటిలోనూ బాతు ఒకే సైజులో ఉన్నప్పుడు రేణువులు దాదాపు సమానంగా ఉంటాయి. బాతు నుంచి వచ్చి సెన్సర్ మీద పడిన మొత్తం వెలుగు ఒకటే కదా. ఒకదాన్ని చిన్నగా, ఒకదాన్ని పెద్దగా పెట్టి చూస్తే రెండోది చెడ్డగా కనబడుతుంది, అది పోల్చిన పద్ధతిలోని లోపం.

కాబట్టి అడగవలసింది వెలుతురు గురించి కాదు, పిక్సెళ్ల గురించి. కన్వర్టర్ చేసే పని ఒక్కటే: అదే బొమ్మను ఎక్కువ పిక్సెళ్ల మీద పరచడం. లెన్సు చూపగలిగిన వివరం సెన్సర్ పిక్సెళ్ల మధ్య సందుల్లో పోతూ ఉంటే, కన్వర్టర్ దాన్ని పైకి తెస్తుంది. పోయేది ఏమీ లేకపోతే తెచ్చేదీ ఉండదు, మసకను పెద్దది చేయడమే మిగులుతుంది.

ఇక్కడే క్రాప్ సెన్సర్ కథ వేరుగా ఉంటుంది. డీ7200లో 24 మెగాపిక్సెళ్లు చిన్న సెన్సర్ మీద ఉన్నాయి, ఒక్కో పిక్సెల్ సుమారు 3.9 మైక్రాన్లు. అవే 24 ఫుల్‌ఫ్రేమ్ డీ750లో ఉంటే ఒక్కోటి 6 మైక్రాన్లు. పెద్ద పిక్సెల్ ఉన్నవాడికి కన్వర్టర్ ఎంతో ఇస్తుంది. మీ సెన్సర్ ఆ పనిని ముందే చాలావరకు చేసేసింది. జూమ్ లెన్సు పూర్తిగా తెరిచి 500 దగ్గర ఉన్నప్పుడు 3.9 మైక్రాన్ల పిక్సెల్‌ను నింపగలిగినంత పదును ఎంత మిగిలి ఉందో, అంతే లాభం.

పాలమూరు స్టూడియో (మహబూబ్‌నగర్)

మాస్టారు, లెక్క బాగుంది. మీరు చెప్పినట్టు ఒకే సైజులో పెట్టి ఇంకోసారి చూస్తాను. కానీ అదే షట్టర్ వేగం అంటున్నారు, చేతిలో పట్టుకున్నవాడికి అదే వేగం చాలుతుందా? 700ను 1.5తో గుణిస్తే 1050. వేగం సెకనులో వెయ్యో వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు అనే పాత లెక్క ఉండనే ఉంది.

ఫిజిక్స్ మాస్టారు (మిర్యాలగూడ)

500 దగ్గర తీసి కత్తిరించి అదే సైజుకు పెంచినా ఆ వణుకు అంతే పెరుగుతుంది. కన్వర్టర్ వణుకును తేదు, కనబడేలా చేస్తుంది. ఎలాగైనా అంత పెద్ద బాతు కావాలంటే ఆ వేగం పెట్టవలసిందే. లెన్సులో వణుకు తగ్గించే వీఆర్ ఉంది, కూర్చున్న పక్షికి కొంత తగ్గించుకోవచ్చు.

దుందుభి గారు చెప్పిన ఒక్క పాయింట్ విషయానికి కారణం కూడా చెప్పేస్తాను. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ విడిగా, అద్దం కింద, బాడీ అడుగున ఉంటుంది. లెన్సు ఒక అంచు వైపు నుంచి, ఎదుటి అంచు వైపు నుంచి వచ్చిన వెలుగును విడదీసి, ఆ రెండు బొమ్మలు ఒకదానికొకటి ఎంత జరిగాయో కొలుస్తుంది. చాలా పాయింట్లు ఎఫ్/5.6 వెడల్పు అంచుల నుంచి వచ్చే వెలుగును చూసేలా అమర్చి ఉంటాయి. కన్వర్టర్‌తో ఎఫ్/8కు సన్నబడితే ఆ అంచుల వెలుగు తెగిపోతుంది, పాయింట్ గుడ్డిదవుతుంది. లోపలి అంచులను చూసే పాయింట్ మాత్రం పని చేస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ చూసేది బొమ్మ పడే సెన్సరే, అందుకే వాటికి ఈ గీత ఇంత గట్టిగా ఉండదు.

కొత్త కెమెరా (సూర్యాపేట)

నమస్కారం అందరికీ. నాది కానన్, కిట్టుతో వచ్చిన 55-250 లెన్సు. మూసీ ప్రాజెక్టు దగ్గర పక్షులు తీస్తుంటాను. నాకు ఏ కన్వర్టర్ మంచిది? ఆన్‌లైన్‌లో లెన్సు ముందు బిగించేది చాలా తక్కువ ధరకు కనబడింది.

దుందుభి (అచ్చంపేట)

తమ్ముడూ, ముందు బిగించేది వద్దు. అది ఈ చర్చలోని వస్తువే కాదు, అంచుల్లో రంగులు చీలిపోయి ఫోటో మొత్తం పొగపట్టినట్టు వస్తుంది. కానన్ సొంత కన్వర్టర్ నీ లెన్సుకు ఎక్కదు. కన్వర్టర్ ముందు భాగంలో గాజు బయటకు పొడుచుకు వచ్చి ఉంటుంది, వెనక లోతుగా ఖాళీ ఉన్న కొన్ని లెన్సుల్లోనే అది ఇముడుతుంది. బలవంతంగా తిప్పితే గాజుకు గాజు తగులుతుంది. నికాన్ 70-300 వాళ్లకూ ఇదే మాట, కంపెనీ ఆ లెన్సుకు కన్వర్టర్ సూచించలేదు.

కెంకో వంటి వేరే కంపెనీవి కొన్ని లెన్సులకు ఎక్కుతాయి. వాటి పిన్నులకు టేపు అంటించి, కన్వర్టర్ ఉన్న సంగతి కెమెరాకు తెలియకుండా చేసి ఫోకస్ తెప్పించే చిట్కా చాలాకాలంగా ఉంది. మంచి ఎండలో పని చేస్తుంది, కాస్త నీడ పడితే ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉంటుంది. 250 లెన్సు మీద అంత తంటాలు పడితే వచ్చేది 350. ఆ డబ్బు దాచుకో, వాడిన 400 లేదా 150-600 దొరికినప్పుడు పనికి వస్తుంది.

నల్లమల నీడ (మన్ననూర్)

మిర్రర్‌లెస్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నాది కానన్ ఆర్7, ఆర్ఎఫ్ 100-400. అది 400 దగ్గర ఎఫ్/8, కన్వర్టర్ పెడితే 560 దగ్గర ఎఫ్/11. మాస్టారు అన్నట్టే ఫోకస్ ఆగదు, పక్షి కంటిని వెతికి పట్టుకుంటుంది కూడా. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కాబట్టి చీకటిగానూ కనబడదు. అంతవరకు సంతోషం.

కానీ ఆర్7లో 32.5 మెగాపిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 3.2 మైక్రాన్లు. ఎఫ్/11 దగ్గర వెలుగు వంగడం వల్ల ప్రతి చుక్కా దాదాపు 15 మైక్రాన్ల వృత్తంగా పరుచుకుంటుంది. ఒక చుక్క నాలుగు పిక్సెళ్లకు పైగా తింటోందన్న మాట. కన్వర్టర్ ఫోటోనూ, 400లో తీసి పెంచిన ఫోటోనూ పక్కపక్కన పెట్టి పాలపిట్ట రెక్క మీద నీలం ఈకలను చూశాను. ఈక నడుమ సన్నటి కాడ రెండింటిలోనూ కనబడుతోంది, దాని పక్కన చీలికలు రెండింటిలోనూ కలిసిపోయి ఉన్నాయి. ఈ కన్వర్టర్ ధర ఆ లెన్సు ధరకు మరీ దూరంగా ఏమీ లేదు. ఇంతకే అయితే అక్కర్లేదు.

అడవి లోపల అయితే అసలే వద్దు. శ్రీశైలం రోడ్డు గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు. ఆ వేళ చెట్ల కింద ఎఫ్/8కే వేగం అందదు.

తూనీగ (వనపర్తి)

అందరూ బాతుల దగ్గరే ఉండిపోయారు. కన్వర్టర్‌కు ఇంకో వాడకం ఉంది, ఎవరూ చెప్పలేదు. అది పెట్టినప్పుడు లెన్సు ఎంత దగ్గర నుంచి ఫోకస్ చేయగలదో ఆ దూరం మారదు, బొమ్మ మాత్రం 1.4 రెట్లు పెద్దదవుతుంది. ఆ 200-500 రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల దగ్గర నుంచి సెన్సర్ మీద అసలు సైజులో 0.22 రెట్లు చూపిస్తే, కన్వర్టర్‌తో అక్కడి నుంచే 0.31 రెట్లు చూపిస్తుంది. తూనీగలకు, సీతాకోకచిలుకలకు ఇది బంగారం. దగ్గరకు వెళితే ఎగిరిపోయేవి మనిషి నిలువు కంటే ఎక్కువ దూరంలో ఉంటే కదలవు.

నేను డీ7500 మీద 300 ఎఫ్/4 పీఎఫ్ పెట్టి 1.4 వాడతాను. ఎఫ్/5.6 అవుతుంది కాబట్టి అన్ని పాయింట్లూ ఉంటాయి. సరళాసాగర్ కింద కాలువ గట్ల మీద తుంగ కొసన కూర్చున్న ఎర్ర తూనీగ రెక్కల గళ్లు, కొసల్లో ఉండే ముదురు మచ్చ, కాళ్ల మీది ముళ్లు కూడా విడివిడిగా వస్తాయి. వెనక నీరు నున్నగా కరిగిపోతుంది. అంత దగ్గరలో ఫోకస్ లోతు చాలా తక్కువ, తూనీగ పక్కకు తిరిగి ఉన్నప్పుడు సెన్సర్ దాని ఒంటికి సమాంతరంగా ఉండేలా నిలబడాలి. ఆ వేళ ఎఫ్/11 పెట్టినా బాధ లేదు, లోతు కోసం పదును కొంత ఇచ్చేయవచ్చు.

పానగల్ గట్టు గారూ, మీ చెరువు గట్టు మీద వానాకాలం తూనీగలు తక్కువేమీ ఉండవు. బాతులు లేని నెలల్లో ఏం చేస్తున్నారు?

పానగల్ గట్టు (నల్గొండ)

మేడం, బాతులు లేని నెలల్లో కెమెరా బీరువాలో ఉంటోంది. ఇది నాకు తట్టలేదు.

భీమాతీరం (మక్తల్)

నాది 150-600. కృష్ణా మండలం నల్లరేగడి చేలలో కృష్ణజింకలు తీస్తాను. కన్వర్టర్ పెడితే ఎఫ్/9 అవుతుంది, డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఎఫ్/8 గీత కూడా దాటిపోతుంది కాబట్టి ఆ ఆలోచన చేయలేదు. కానీ చెప్పవలసింది వేరే ఉంది.

మన ఎండల్లో లెన్సుకు ముందు గాలి అడ్డుపడుతుంది. ఉదయం తొమ్మిది దాటితే దుక్కి మీద గాలి ఉడికినట్టు కదులుతుంది. జింక నాలుగు కాళ్లు నాలుగు వంకరలుగా వస్తాయి, కొమ్ముల మెలికలు కలిసి ఒకటే కర్రలా కనబడతాయి. ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టుకుంటాం, బర్స్ట్‌లో వరుస ఫోటోలు చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో వంకర. 600 అయినా 840 అయినా ఆ గాలిని పెద్దది చేసి చూపడమే. దూరం సగం చేసుకుంటే తప్ప వేరే మందు లేదు. కారులో కూర్చుని తీసేవాళ్లు ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, లోపలి గాలీ బయటి గాలీ ఒకటయ్యేదాకా ఆగాలి. కిటికీ దగ్గరే బొమ్మ చెడిపోతుంది.

ఫిజిక్స్ మాస్టారు (మిర్యాలగూడ)

నీటి మీద కూడా ఇది ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున చెరువు నీరు గాలి కంటే వెచ్చగా ఉంటుంది, పొగమంచు లేచేది అందుకే. కంటికి పొగమంచు కనబడకపోయినా నీటిని ఆనుకుని గాలి కదులుతూనే ఉంటుంది. బాతు ఆ పొరలోనే ఈదుతుంది. మబ్బు పట్టిన రోజు, కాస్త గాలి వీచి వేడి చల్లా కలిసిపోయిన వేళ మేలు.

నిర్వాహకుడు

దుకాణం పేరు, ధర అడుగుతూ కొందరు విడిగా సందేశాలు పంపుతున్నారు. అవి కొనుగోళ్ల విభాగంలో అడగండి. ఇక్కడ వాడకం వరకే.

పానగల్ గట్టు (నల్గొండ)

దుందుభి గారు నల్గొండ వచ్చినప్పుడు తన కన్వర్టర్ ఇచ్చి చూసుకోమన్నారు. వారికి కృతజ్ఞతలు. ముందుగా మాస్టారు చెప్పిన తూకం ప్రకారం ఇంటి దగ్గర గోడకు దినపత్రిక అంటించి, ట్రైపాడ్ మీద, లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి రెండు రకాలుగా తీశాను. లేకుండా తీసినదాన్ని 1.4 రెట్లు పెంచి పక్కన పెట్టాను. చిన్న ప్రకటనల అక్షరాలు కన్వర్టర్ దాంట్లో కొంచెం తేటగా ఉన్నాయి. ఒత్తుల సందులు విడిపడ్డాయి. కొంచెమే. వెతికితే తప్ప తెలియదు. ఎఫ్/8 నుంచి ఎఫ్/9కు కుదిస్తే ఇంకాస్త మెరుగు. ఇసుక విషయంలో మాస్టారే నెగ్గారు, రెండూ ఒకేలా ఉన్నాయి.

వ్యూఫైండర్‌తో తీసినప్పుడు ఫోకస్ కొద్దిగా వెనక పడుతోంది. లెన్సు ఒక్కదానికి అలా లేదు. కన్వర్టర్‌తో కలిపి ఫైన్‌ట్యూన్ (మెనూలో ఫోకస్ సవరణ) విడిగా చేశాక సరిపోయింది. ఇది చేయకుండా కన్వర్టర్‌ను తిట్టేవాళ్లు ఎంతమంది ఉంటారో.

చెరువు దగ్గర కథ ఇదీ. తూము దగ్గర కర్ర మీద కూర్చునే లకుముకి పిట్ట గట్టుకు దగ్గరే ఉంటుంది. దాని ముక్కు అంచున తడి, గొంతు కింద తెల్ల ఈకల అంచులు కన్వర్టర్‌తో బాగా వచ్చాయి, కత్తిరించే పని లేదు. నీటి మధ్య బాతులకు మాత్రం తేడా సున్న. భీమాతీరం గారు చెప్పినట్టు వరుస ఫోటోల్లో ఒక్కో బాతుకు ఒక్కో మెడ. ఎగిరినప్పుడు నడిమి పాయింట్‌లో నిలిచినవి చాలా తక్కువ. అంటే ఏ పక్షుల కోసం అడిగానో వాటికే పనికి రాలేదు.

1.4 రెట్లు కత్తిరించినా 12 మెగాపిక్సెళ్లు మిగులుతున్నాయి, ఏ3 ముద్రణకు అది చాలు. బాతుల కోసమైతే కొనను. తూనీగల మాట వేరే, దాని గురించి వానలు పడ్డాక చూస్తాను.

పాలమూరు స్టూడియో (మహబూబ్‌నగర్)

ఇసుక విషయంలో మాస్టారికి నమస్కారం. బాతుల విషయంలో నా మాటే నిలిచింది.

తూనీగ (వనపర్తి)

వానలు పడ్డాక ధర పెరిగితే నన్ను అనవద్దు.

జూరాల గేటు (గద్వాల)

చర్చ మొత్తం చదివాను. నాది డీ500, అదే 200-500. ఎఫ్/8 దగ్గర నా బాడీలో 15 పాయింట్లు పని చేస్తాయి, ఎంచుకోవడానికి వాటిలో 9 ఉంటాయి. జూరాల గేట్ల కింద గద్దలు చేపల కోసం దిగేది నేను నిలబడే చోటికి దగ్గరే, గాలి చిక్కు అంత లేదు. పానగల్ గట్టు గారు వద్దనుకుంటే ఆ కోఠి కన్వర్టర్ నేను చూడవచ్చా? వాడినది కొనేటప్పుడు ఏమేం చూడాలి?

దుందుభి (అచ్చంపేట)

నీ బాడీకి సరిపోతుంది. రెండు వైపులా గాజును ఫోను లైటు పెట్టి చూడు, బూజు తీగల్లా కనబడితే వదిలెయ్. బంగారు రంగు పిన్నులు నొక్కితే లోపలికి పోయి తిరిగి రావాలి, ఒకటి ఇరుక్కున్నా ఎపర్చర్ చదవదు. మౌంట్ స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే విప్పినదని అర్థం. నీ లెన్సూ బాడీ తీసుకెళ్లి దుకాణం బయట రోడ్డు మీద బోర్డులకు ఫోకస్ చేసి చూసుకో, లోపల ట్యూబులైటు కింద ఏమీ తెలియదు. అంతకంటే ముందు పానగల్ గట్టు గారిని ఇంకోసారి అడుగు.

పానగల్ గట్టు (నల్గొండ)

తీసుకోండి. నాకు వానలు పడేదాకా సమయం ఉంది.